పది అడుగుల దూరం

వెనక ఎవరో వస్తున్నారు.

లెక్కల టీచరు బ్యాగును చంకలోకి ఇంకాస్త ఇరికించుకుంది. పొద్దున ఎనిమిది కావస్తున్నా మంచు విడలేదు. ఒకవైపు మూతపడ్డ మిల్లు గోడ, రెండోవైపు ముళ్ళకంప. బడి మలుపుదాకా ఒక్క గుమ్మం లేదు, ఒక్క కొట్టు లేదు. ఈ గోడ పక్కనే ఈ నెలలో రెండు బ్యాగులు పోయాయి. రెండోసారి బ్యాగుతోపాటు పాపం బడి ఆయా నర్సమ్మ మోచెయ్యి కూడా విరిగింది.

టప్. టప్. టప్. తడి చెప్పుల చప్పుడు. తను ఆగితే ఆగుతోంది, నడిస్తే నడుస్తోంది.

ఉన్న ధైర్యమల్లా ముందు పోతున్న ఆవిడే. పొట్టి మనిషి. తలమీంచి కిందిదాకా పూల శాలువా కప్పుకుంది. మంచులో ఆ పూలు తప్ప ఇంకేమీ ఆనడం లేదు. అడుగుల చప్పుడు కూడా కాకుండా మెత్తగా పోతోంది. ఏ ఇంటి ఇల్లాలో ఏమో, ఆ మాత్రం తోడు దొరకడమే పదివేలు.

నిన్న సాయంత్రం డ్రిల్లు మాస్టారు బడిలో పనిచేసే ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, స్టూలెక్కి మరీ చెప్పాడు.

"దారిలో ముందు ఎవరన్నా పోతుంటే వదలొద్దు. పది అడుగుల దూరంలో అంటిపెట్టుకుని పోండి. పెరగొద్దు, తగ్గొద్దు! మాట మాత్రం కలపొద్దు. దొంగలు మాటల్తోనే మొదలెడతారు. చచ్చినా వెనక్కి తిరగొద్దు. తిరిగారో, మీరు భయపడ్డారని వాడికి తెలిసిపోతుంది!"

చెప్పి, మెడలో ఎర్రతాడుకున్న ఈల తీసి ఒక్క ఊదు ఊదాడు. ఆ ఈలకి దొంగలేం ఖర్మ, దయ్యాలైనా పారిపోతాయని అందరూ నవ్వుకున్నారు. ఇప్పుడామెకు నవ్వు రావడం లేదు.

భర్తకు ఫోను చేసింది.

"ఏవండీ, మిల్లు గోడ దగ్గరున్నా. నా వెనక ఎవరో వస్తున్నారు."

"ఎవరు? తిరిగి చూడు."

"చూడకూడదట. మాస్టారు చెప్పారు."

"మాస్టారికేం, చెప్తాడు! నేనేమో బస్సెక్కేశాను. బ్యాగు అక్కడ పారేసి పరుగెత్తు."

"అందులో పిల్లల పరీక్ష పేపర్లున్నాయండీ. నలభై రెండు. పోయాయంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"ప్రాణం కంటేనా?"

"అది కాదండీ. ఆఖరి బెంచీ పిల్ల ఏడాదంతా తప్పి తప్పి, ఈసారి ముప్ఫయ్యారు తెచ్చుకుంది. మళ్ళీ రాయమంటే దాని గుండె ఆగిపోతుంది."

"ముందు నీ గుండె చూసుకో! ఫోను లోపల పెట్టు, దాన్ని కూడా లాక్కుంటారు."

ఫోను లోపల పెట్టేసింది. లోకంలో తనకింక ఎవరూ లేరనిపించింది.

చప్పుడు దగ్గరైంది. ఎంత భయంలోనైనా ఆమె బుర్ర లెక్కలు మానలేదు. పది అడుగులు. ఎనిమిది. ఏడు. వాడెవడో ఎగపోస్తున్నాడు కూడా. నడక పెంచింది. వెనక టపటపలూ పెరిగాయి. చిత్రం, ముందున్న శాలువా కూడా వేగం పెంచింది.

"అయ్యో, నువ్వూ పోతే నాకెవరు దిక్కు తల్లీ" అనుకుంటూ, బ్యాగును గుండెలకు అదుముకుని పరుగందుకుంది. శాలువా పరుగెత్తింది. వెనక చెప్పులూ పరుగెత్తాయి. ఊపిరి మెడ మీద తగిలింది. భుజం మీద చెయ్యి పడింది.

"కెవ్వు" మంటూ ఆమె బ్యాగుతో గిర్రున తిరిగింది.

"కొట్టొద్దక్కా! నేను! లైబ్రరీ అమ్మాయిని!"

నిజమే, బడి లైబ్రరీలో పుస్తకాలిచ్చే పిల్లే. లెక్కల టీచరు గోడకు చేరగిలబడిపోయింది. ఏడవాలో తిట్టాలో తెలియలేదు.

"నువ్వటే! నా పై ప్రాణాలు పైనే పోయాయి కదే!"

"మీరని నాకేం తెలుసు? ముందెవరో ఆడమనిషి పోతోందని పట్టుకున్నా. మీరు పరుగెత్తారు, దూరం పెరక్కూడదుగా, నేనూ పరుగెత్తా. దగ్గరికొచ్చాక మీ కొంగు మీద ఇంకు మరక చూసి గుర్తుపట్టా."

"ఒక్క మాట పలకరించి ఏడవచ్చుగా!"

"మాట కలపొద్దన్నారుగా అక్కా."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని వగర్చారు. పేపర్లు చేత్తో తడిమి చూసుకుంది లెక్కల టీచరు. కట్ట భద్రంగా ఉంది. ముప్ఫయ్యారు కూడా అందులోనే ఉంది.

"అవునూ, మీ ముందు పోతున్నదెవరక్కా?" అంది లైబ్రరీ అమ్మాయి.

అప్పుడు చూశారు. కాస్త ముందు ఆ పూల శాలువా గోడకు అతుక్కుపోయి గజగజ వణుకుతోంది. ఇందాకటి నుంచి తనకు పట్టిన భయమే పాపం ఆవిడకీ పట్టిందని లెక్కల టీచరుకు అర్థమైంది. మనసు కరిగింది.

"అమ్మా, భయపడకండి! మేమే!" అంటూ నాలుగడుగులు ముందుకు వేసింది.

"వచ్చారూ! మాట కలిపారూ!" శాలువాలోంచి ఏడుపు గొంతు కీచుమంది. "తీసుకోండి తల్లీ! నేను వెనక్కి తిరగలేదు, మీ మొహాలు చూళ్ళేదు, ఒట్టు! నన్నొదిలెయ్యండి!"

గాల్లోంచి ఒక బ్యాగు వచ్చి దబ్బున పడింది. దాని మూతి తెరుచుకుని, లోపల్నుంచి ఎర్రతాడు ఈల ఒకటి దొర్లుకుంటూ వచ్చి లెక్కల టీచరు కాళ్ళ దగ్గర ఆగింది.