బావ తాగాల్సిన గ్లాసు

"ఇది నీకే బావా," అంటూ తుల్సరా రాగుల సారా సీసా అరుగు మీద పెట్టి, పక్కన ఒక గ్లాసు ఉంచింది.

జీపు టైరు బిగిస్తున్న ఖిమ్ చేతులు ఆగిపోయాయి. నేపాల్ కొండల్లోని తమ మగర్ కులం ఇళ్లలో మేనమామ కూతురి తరఫున సీసా వచ్చిందంటే సంగతి ఒక్కటే. పిల్లను బయటివాడికి ఇస్తున్నారు, మేనబావ ముందుగా తన హక్కు వదులుకోవాలి. తాగితే వదులుకున్నట్టు. మూత తీయకుండా తిప్పి పంపితే, పిల్ల తనకే కావాలన్నట్టు.

"దీనికి మీ నాన్న రావాలి కదా?" అన్నాడు.

"నాకూ కాళ్లున్నాయి కదా, నేనే వచ్చాను."

ఖిమ్ తల్లి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. సీసాను చూడగానే ఆవిడ మొహం మాడిపోయింది.

"ఎవడే వాడు?"

"బ్యాంకులో పని చేస్తాడత్తా. బుట్వల్ టౌన్లో, నేను పని చేసే ఆస్పత్రి ఎదురుగానే."

"మనవాడేనా?"

"కాదు."

"పంది మాంసమైనా తింటాడా?"

తుల్సరా కాస్త ఆలోచించింది. "తినడు."

"అయ్యో నా తల్లీ! పండక్కొస్తే మా తమ్ముడు ఆ అల్లుడికి ఏం పెడతాడే, గడ్డా?"

ఖిమ్‌కి నవ్వు రాలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి అతనికి తుల్సరా అంటే ప్రాణం. కానీ ఆమధ్య ఊరి యువజన సంఘం సభలో మైకు పట్టుకుని తనే గొంతు చించుకున్నాడు. మేనమామ కూతురు మన సొత్తు కాదు, ఆడపిల్ల ఎవర్ని కోరుకుంటే వాడే మొగుడు కావాలి అన్నాడు. జనం ఒకటే చప్పట్లు. ముందు వరసలో తుల్సరా కూడా ఉంది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆచారం పేరు చెప్పి ఆమెను అడుగుతాడు?

"మంచివాడేనా?" అని మాత్రం అడిగాడు.

"మంచివాడే. మనసులో ఉన్నది బయటికి చెప్పేస్తాడు. కొందరిలా బెల్లం కొట్టిన రాయిలా కూర్చోడు."

"ఏదీ, ఫోటో చూపించు," అంది ఖిమ్ తల్లి.

"ఫోన్‌లో ఛార్జింగ్ లేదత్తా."

"ఒరేయ్, సీసా తిప్పి పంపరా! మన పిల్లను ఎవడికో ఎందుకివ్వాలి?"

"ఊరుకో అమ్మా. అదేమన్నా మేకా, తెచ్చి కట్టేసుకోవడానికి?"

తుల్సరా అతని వైపే చూస్తోంది. "నీ ఇష్టం బావా. తిప్పి పంపినా నేనేమీ అనుకోను," అంది. వేలితో గ్లాసు అంచు రుద్దుతూ ఉండిపోయింది.

కాదంటానేమోనని ఎంత భయపడుతోందో పాపం, అనుకున్నాడు ఖిమ్. మూత తీసి, గ్లాసు నిండా పోసుకుని, గటగటా తాగేశాడు.

"సుఖంగా ఉండు తుల్సరా."

ఆమె కళ్లు నిండిపోయాయి. సంతోషమే అనుకున్నాడతను. మేనత్త టీ పెడతానన్నా వినకుండా తుల్సరా గబగబా వాలు దిగి వెళ్లిపోయింది. తల్లి లోపలికి పోయి గిన్నెలు ఎత్తెత్తి పడేసింది.

ఖిమ్ మళ్లీ టైరు దగ్గర కూర్చున్నాడు గానీ పని సాగలేదు. ఎంతసేపు అలా ఉండిపోయాడో, ఫోన్ మోగింది. మేనమామ.

"ఏరా అల్లుడూ," మామ గొంతులో నవ్వు పొంగుతోంది. "సీసా తిప్పి పంపేశావా? మీ అత్త అప్పుడే పెళ్లి విందుకి పందిని కూడా చూసి పెట్టింది!"

"లేదు మామా, తాగేశాను. ఆ బ్యాంకు అబ్బాయికే ఇచ్చి చెయ్యండి. తుల్సరా సంతోషమే నాకు కావాలి."

అవతల నవ్వు ఆగిపోయింది.

"ఓరి పిచ్చి సన్నాసీ," అన్నాడు మామ.

"ఆ బ్యాంకువాడు అసలు లేనేలేడురా!"