‘పనికిరానివి’ అనే ఫోల్డర్

“బావా, ఆ పిల్ల ఇవాళ నీ కొంప ముంచేట్టుంది,” అన్నాడు బావమరిది, తలుపు దగ్గరగా వేస్తూ.

ప్రొఫెసర్ గారు అద్దం ముందు నిలబడి కోటు గుండీ పెట్టుకుంటున్నారు. పక్క హాల్లో ఆయనకు సన్మానం. కొత్త ల్యాబ్‌కు ఆయన పేరు పెట్టబోతున్నారు. మనుషులు తమ కంప్యూటర్లలో ఫైళ్లు ఎలా దాచుకుంటారు, ఎలా వెతుక్కుంటారు అన్నది ఆయన పరిశోధన. ‘మనిషి తనకు ముఖ్యమైనదాన్ని పనికిమాలిన పేరు కింద దాస్తాడు’ అన్న ఒక్క సిద్ధాంతంతో ఆయన పేరు మోగిపోయింది.

“ఏ పిల్ల?”

“తెలీనట్టు అడుగుతావేం? నీ పాత శిష్యురాలే. నిన్ను పరిచయం చేస్తూ మాట్లాడే పని డైరెక్టర్ గారు ఆమెకే ఒప్పజెప్పారు. మధ్యలో ఏదో పాత వీడియో వేస్తుందట. క్యాంటీన్లో చెప్పుకుంటుంటే విన్నాను.”

గుండీ మీద చెయ్యి ఆగిపోయింది. ఏ వీడియోనో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. అప్పట్లో ల్యాబ్ మీటింగులన్నీ రికార్డు చేసేవారు. ఒకరోజు ఆ అమ్మాయి బోర్డు దగ్గర నిలబడి ఈ సిద్ధాంతమంతా విప్పి చెబితే, ఈయన నోరు తెరుచుకుని విని, “శభాష్! ఇన్నేళ్ల సర్వీసులో నాకు తట్టలేదమ్మా ఇది. నీ పేరు మీదే రాయి,” అన్నారు. అని, తన పేరు మీద రాసేసుకున్నారు. ఇదేమిటని అడిగినందుకు ఆమె ఫెలోషిప్ ఆపించి బయటికి పంపించారు. రికార్డింగులన్నీ తుడిపించేశానన్న ధీమాతో ఇన్నాళ్లూ హాయిగా నిద్రపోయారు.

“అప్పుడే తొక్కెయ్యాల్సింది దాన్ని!” పళ్లు నూరారు ప్రొఫెసర్ గారు. “పాపం కదా అని వదిలేశాను, అదీ నా బుద్ధితక్కువ. ఇవాళ అందరి ముందూ అభాసుపాలు చేసి పంపిస్తాను, ఇంకే కాలేజీ గడపా తొక్కకుండా. నువ్వెళ్లి ముందు వరసలో కూర్చో. నేను చూసుకుంటా.”

బావమరిది అటు వెళ్లాడో లేదో, శిష్యురాలు ఇటు వచ్చింది. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, హాలు వైపు గోడ దగ్గరున్న వైర్లు దానికి తగిలించింది.

“నమస్తే సర్. బాగున్నారా?”

“నీ దయ వల్ల బాగానే ఉన్నానమ్మా.”

“ఇంకా టైముంది, కాఫీ తెస్తాను. దీన్ని కాస్త చూస్తుంటారా? హాల్లో తడుముకోకూడదని పాస్‌వర్డ్ కూడా తీసేశాను. ఎవరూ ముట్టుకోకుండా చూడండి సర్.”

“నేనున్నాగా తల్లీ, నిశ్చింతగా వెళ్లిరా.”

వెర్రిబాగుల్ది, ఇంకా మనుషుల్ని నమ్ముతోంది అనుకున్నారు. తలుపు మూసుకోగానే ల్యాప్‌టాప్ మీద వాలిపోయారు.

ఎదురుగా ‘సన్మానం’ అని ఒక ఫోల్డర్ కనిపించింది. దాని వైపు చూడను కూడా చూడలేదు. అసలైనది అందరికీ కనిపించే చోట పెడుతుందా? కిందకు, ఇంకా కిందకు, ఎవరూ తొంగిచూడని మూలకు వెళ్లారు. అక్కడ ‘పనికిరానివి’ అని ఇంకో ఫోల్డర్. తెరిస్తే, లోపల ఒకే ఒక్క వీడియో.

“దొరికావే! నీ సిద్ధాంతమే నిన్ను పట్టించింది!” అనేసి, ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూసి నాలిక్కరుచుకున్నారు.

అదేనో కాదో తేల్చుకోవాలి కదా. వీడియో నొక్కారు. బోర్డు దగ్గర శిష్యురాలు, పక్కన తలనిండా జుట్టుతో తాను. శబ్దం మాత్రం రాలేదు. పూర్తిగా పెంచినా రాలేదు. ‘ఇదీ మంచికే, బయటికి వినపడదు’ అనుకుని మురిసిపోయారు. ఆయనకు శబ్దంతో పనేముంది, ప్రతి మాటా గుర్తే.

గోడ అవతల మైకులో మగగొంతు ఏదో చెబుతోంది. డైరెక్టర్ అప్పుడే మొదలెట్టేశాడన్నమాట. అతగాడికి మైకు దొరికితే చాలు, వదలడు.

జేబులో ఫోన్ వణికింది. బావమరిది. కట్ చేశారు. మళ్లీ వణికింది.

“వీడొకడు, వేళాపాళా లేదు!” అని ఫోన్ ఆపేసి పక్కన పడేశారు.

వీడియోలో తాను శభాష్ అన్న చోటుదాకా చూశారు. ఆ పైన చూడబుద్ధి కాలేదు. తీసి చెత్తబుట్టలో పడేసి, చెత్తబుట్టనూ ఖాళీ చెయ్యమన్నారు. శాశ్వతంగా పోతుంది, ఫర్వాలేదా అని అడిగింది కంప్యూటర్.

“అంతకన్నా ఏం కావాలి!” అని నొక్కేశారు. రేపట్నించీ ఆ అమ్మాయి పిచ్చిదానిలా వెతుక్కుంటుంటే చూడాలి. వెతుక్కో, జన్మంతా వెతుక్కో!

అడుగుల చప్పుడు వినపడగానే గబుక్కున అద్దం దగ్గరికి వెళ్లి టై సర్దుకోసాగారు. శిష్యురాలు కాఫీతో లోపలికి వచ్చింది.

“ఎవరైనా ముట్టుకున్నారా సర్?”

“నేనుండగా ఎవరు ముట్టుకుంటారమ్మా?”

“అదీ నిజమే.”

“ఇంతకీ ఇవాళ ఏం చూపిస్తున్నావ్?” ఉండబట్టలేక అడిగారు, నవ్వు ఆపుకుంటూ.

“ఒక ప్రయోగం సర్. ఫలితం ఇప్పుడే వచ్చింది. రండి, అందరూ మీకోసమే చూస్తున్నారు.”

కాఫీ రెండు గుక్కల్లో తాగేసి, ఛాతీ విరుచుకుని వేదిక మీదికి నడిచారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. డైరెక్టర్ కింద తన కుర్చీలోనే బిగుసుకుని కూర్చున్నాడు. వేదిక మీది మైకుకు తొడుగు కూడా ఇంకా తియ్యలేదు. ముందు వరసలో బావమరిది ఫోన్ పట్టుకుని తల దించుకున్నాడు.

అందరూ ఆయన వెనక వైపు చూస్తున్నారు. ఆయనా తిరిగి చూశారు.

తెర నిండా, ఆయన ఇప్పుడే ఖాళీ చేసిన చెత్తబుట్ట ఉంది.