గాయం గీయని తెర

ఆ రాత్రి ల్యాబులో ఏసీ హోరు తప్ప చప్పుడు లేదు. గాయం మానేటప్పుడు ఒంట్లోని కణాలన్నీ కలిసి ఆ గాయం వైపు ఎలా కదులుతాయో కంప్యూటర్లో బొమ్మలుగా ఆడించి చూడటం ఆ పరిశోధకురాలి పని. ఇవాళ తెర మీద గాయం గీయడమే మర్చిపోయింది. అయినా తెర మీది కణాలు గుంపుగా గది తలుపు ఉన్న వైపు సాగుతున్నాయి. "ఇదేం చోద్యం!" అనుకుంటూ తెరను పక్కకు తిప్పింది. అవి మళ్లీ తలుపు వైపే మళ్లాయి.

తలుపు తెరుచుకుంది. భర్త.

"ఇల్లూ వాకిలీ అక్కర్లేదా మేడమ్ గారికి?" అంటూ గోడ వెంట నడిచి వచ్చాడు. అతనితోపాటే కణాలూ తిరిగాయి.

"నీకెక్కడైనా దెబ్బ తగిలిందా?"

"లేదే! గుండ్రాయిలా ఉన్నా," అని నవ్వి తెర ముందు కూర్చున్నాడు.

కణాలు సరిగ్గా అతని గుండెకు ఎదురుగా చేరి, ఒకదాన్నొకటి తోసుకోసాగాయి.