తోడొచ్చిన మనిషి

మూడో మెట్టు దిగకముందే పైవాటా పిన్నిగారికి దొరికిపోయారు ఆ దంపతులు.

"ఈరోజేనా అమ్మాయీ, కీమో?"

"ఈరోజే పిన్నిగారూ. నాలుగోది." ఆమె తలగుడ్డ అంచును చెవుల మీదికి లాక్కుంది.

పిన్నిగారు ఆమె గడ్డం పట్టుకుని ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కనుబొమలు నిలిచాయి, నయం. ఆడపుట్టుకతో వచ్చిన బాధలమ్మా ఇవి, మోయక తప్పదు. అయినా నీకేం, బంగారంలాంటి మొగుడు! పెళ్ళాం జుట్టు పోయిందని తన జుట్టు తీయించుకున్న మగాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు."

నున్నటి గుండుతో పక్కనే నిలబడ్డ డ్రిల్లు మాస్టారు తన చెప్పుల వంక చూసుకున్నారు.

రొమ్ము క్యాన్సర్ అన్న మాట ఆ ఇంటి గడప దాటి మూడు నెలలైంది. వచ్చిన జబ్బు ఒక మూల కూర్చోక, వంటింట్లో పెత్తనం మొదలుపెట్టింది. కీమో అయిన మూడోనాడు నూనె కాగితే చాలు, కడుపులో దేవేస్తుంది. స్టీలు చెంచా నోట్లో పెడితే తుప్పు నాకినట్టుంటుంది. అందుకని చెక్క చెంచాలు వచ్చాయి. నోటిపూతకు పలచటి జావ వచ్చింది. జ్వరం చూసే గొట్టం ఉప్పుడబ్బా పక్కన కాపురం పెట్టింది.

ఇన్ని వచ్చినా పొయ్యి ముందు ఆమే, బట్టల బకెట్టు ముందు ఆమే. మాస్టారు మాత్రం దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేవారు. పాపం, పెళ్ళాం బాధ చూడలేక సగమైపోయాడనుకుంది వీధి.

ఒకప్పుడు మైదానం దద్దరిల్లేలా "ఛాతీ ముందుకు!" అని అరిచిన గొంతు ఆయనది. గుండు చేయించుకున్న వారంలోనే బళ్ళో పిల్లలందరినీ బారులు తీర్చి, ఆయన త్యాగం గురించి చెప్పి, పెద్ద పంతులుగారు చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్ల మోత ఆమె పనిచేసే కుట్టు కార్ఖానా దాకా వినిపించింది. ఆమె వంతుకు జాలి వచ్చింది.

కార్ఖానాలో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. బట్ట కత్తిరించే బల్ల పదకొండేళ్ళుగా ఆమెది. ఇరవై పొరల గుడ్డ మీద ఆమె సుద్దగీత గీస్తే మళ్ళీ కొలిచే పని లేదు. ఈ నెలలో సూపర్వైజరు కుర్చీ ఖాళీ అయింది. అది కత్తెరమ్మదేనని గుండీలు కుట్టే పిల్ల మొదలు గేటు కాపలాదారు దాకా అందరికీ తెలుసు.

నిన్న యజమానురాలు పిలిచింది.

"ఇంట్లో మగమనిషి సెలవు పెట్టి కూర్చున్నాడు, నువ్వేమో కత్తెర వదలవు. పైగా ఆ కుర్చీ కూడా నీ నెత్తిన పెడితే నలుగురూ నన్ను తిట్టరటే?"

"నేను చేయగలను మేడం. ఒక్కరోజైనా బల్ల దగ్గర తూలానా?"

"లేదు. అదే నాకూ ఆశ్చర్యం. సరే, పని చేయగలవని డాక్టరు చేత ఒక కాగితం రాయించుకురా. రేపు సాయంత్రం దాకా చూస్తాను. లేదంటే కుర్చీ నీ శిష్యురాలికే. ఏమీ అనుకోకు."

ఆ రేపే ఈరోజు.

బస్సులో ఆమె తలగుడ్డను చూసి ఎవరో లేచి చోటిచ్చారు. ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు.

"కాగితం అడగనా?" అంది ఆమె, ముందు సీటు వంక చూస్తూ.

"ఎవర్ని?"

"డాక్టర్నే. రెండు ముక్కలు రాస్తే చాలు."

మాస్టారి ముఖం పాలిపోయింది. "మాటిచ్చావుగా."

"ఇచ్చాను. అప్పటికి కుర్చీ ఖాళీ కాలేదు."

"ఇది కాక ఇంకో రెండు కీమోలు. తర్వాత అంతా మామూలే. ఈ రెండూ నాకోసం ఓర్చుకో." ఆయన గొంతు తగ్గించారు. "నేను మళ్ళీ ఆ మైదానంలో నిలబడాలి కదా."

"నేనెక్కడ నిలబడాలి?"

బస్సు ఆసుపత్రి ముందు ఆగింది.

మూడో అంతస్తు. వరసగా వాలుకుర్చీలు. ఒక్కో కుర్చీ పక్కన ఒక మందు స్టాండు, ఒక స్టూలు. ఆమె కిటికీ దగ్గరకు వెళ్ళి ఫోను తీసింది. నాలుగుసార్లు రాసి, మూడుసార్లు చెరిపింది.

"కాగితం తేలేను మేడం. కుర్చీ దానికే ఇవ్వండి. మంచి పిల్ల. సుద్దగీత నేనే నేర్పాను."

నిమిషంలో జవాబు వచ్చింది. "మంచి పని చేశావు. ముందు నీ ఒళ్ళు ముఖ్యం. అలాంటి మొగుడు పక్కనుండగా నీకేం భయం?"

ఆమె దాన్ని రెండుసార్లు చదివి, ఫోను సంచీలో పడేసింది.

"రండి, మీదే వంతు," అంది నర్సు మందు సంచీని స్టాండుకు తగిలిస్తూ.

మాస్టారు వాలుకుర్చీలో వెనక్కి వాలి, ఛాతీలో అమర్చిన గొట్టానికి సూది పెట్టడం కోసం చొక్కా పైగుండీలు విప్పుకుంటుంటే, ఆమె తలగుడ్డ విప్పి, భుజాల మీదికి కుప్పగా జారిన నల్లటి జుట్టును ముడి వేసుకుని, తోడొచ్చినవాళ్ళ స్టూలు మీద కూర్చుంది.