తొమ్మిది నిమిషాల ఊపిరి

గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి ఊదుతున్నాడు చిన్న శాక్సు. బుడగలు ఆగకూడదు. బుగ్గల్లో దాచుకున్న గాలిని నోటితో వదులుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవాలి. అదీ విద్య.

"రెండు నిమిషాల పది సెకన్లు," అంది భార్య గడియారం చూస్తూ. "ఆ నీళ్లేం పాపం చేశాయండీ? తాగనైనా తాగరు."

బుడగలు ఆగిపోయాయి. ఆమె వైపు కొరకొరా చూశాడు.

ఊరు మొత్తానికి జాజ్ శాక్సాఫోన్ వాయించేవాళ్లు ఇద్దరే. అవతలాయన పెద్ద శాక్సు, ఇతను చిన్న శాక్సు. వయసులో తేడా ఆరు నెలలే. అయినా ఆ 'చిన్న' అన్న మాట ఇరవై ఏళ్లుగా వదల్లేదు. అది చాలదన్నట్టు పెద్ద శాక్సు స్టూడియోకి వెళ్లి ఒక ఆల్బమ్ చేశాడు. అందులో చివరి పాట తొమ్మిది నిమిషాలు. ఎక్కడా ఊపిరి పీల్చిన చప్పుడు లేదు. పత్రికలు ఆయన్ని ఆకాశానికెత్తేశాయి.

చిన్న శాక్సు ఆ పాటను చెవులు రిక్కించి వందసార్లు విన్నాడు. ఒక్క ఊపిరి దొరికితే ఒట్టు. కడుపు మండిపోయింది.

"నేనూ చేసి చూపిస్తా," అన్నాడు.

"మీ పాటేదో మీరు వాయించుకోవచ్చు కదా. ఆయనతో మీకెందుకండీ?"

"నీకు తెలీదులే. మధ్యలో ఊపిరి కోసం ఆగానంటే చచ్చేదాకా నేను చిన్న శాక్సునే."

రెండేళ్లు పట్టింది. బుగ్గలు సాగాయి. పెదవి చిట్లింది. హోటల్లో సాయంత్రం వాయించే ఉద్యోగం ఊడింది. రెండుసార్లు కళ్లు తిరిగి సోఫా పక్కన పడ్డాడు. నీళ్లు చల్లి లేపినప్పుడల్లా భార్య తిట్టింది. తిట్టి, మళ్లీ గడియారం పట్టుకుని కూర్చుంది.

చివరికి పెద్ద శాక్సు వాయించిన అదే స్టూడియో, అదే రికార్డింగ్ ఇంజనీరు. అద్దానికి అవతల భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. తొమ్మిది నిమిషాల నాలుగు సెకన్లు. ఒకటే టేకు. ఆపేసరికి చొక్కా తడిసి ముద్దయింది. మౌత్‌పీస్ మీద రక్తం. అద్దం వెనక ఆమె ఏడుస్తోంది.

"ఇక మీరు నిశ్చింతగా ఇంటికెళ్లండి గురువుగారూ," అన్నాడు ఇంజనీరు. "మిగతా మెరుగులు నేను దిద్దుతా."

నెల తిరక్కుండా ఆల్బమ్ దుకాణాలకు చేరింది. మొదటి కాపీ పట్టుకుని చిన్న శాక్సు తిన్నగా పెద్ద శాక్సు ఇంటికి వెళ్లాడు. ఆ తొమ్మిది నిమిషాల పాట తనే పెట్టి వినిపించాడు. కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

పావు నిమిషం గడిచింది. పాటలోంచి నిక్షేపంగా ఊపిరి పీల్చిన చప్పుడు. కాసేపటికి ఇంకోటి. ఆపైన మరోటి. చిన్న శాక్సు కాలు కిందికి దిగింది.

పెద్ద శాక్సు చివరిదాకా విన్నాడు. భుజం తట్టాడు.

"పర్లేదు తమ్ముడూ. ఇంకో రెండేళ్లు కష్టపడు, నీకూ వచ్చేస్తుంది."

చిన్న శాక్సు పరుగు పరుగున స్టూడియోలో పడ్డాడు.

"ఏమయ్యా, నేనెక్కడ పీల్చాను ఊపిరి?"

ఇంజనీరు ముఖం వెలిగిపోయింది.

"మీరు పీల్చలేదు కదండీ, మరీ బొమ్మ వాయించినట్టుంటుందని, అప్పట్లో పెద్ద శాక్సుగారి పాటలోంచి కత్తిరించి దాచిన ముప్పై ఏడు ఊపిర్లూ తెచ్చి మీ దాంట్లో అతికించాను."