విఠోబా ఎద్దు బండి

పేరు తెలియని మనిషి కోసం పెట్టిన దీపం ఆ మనిషికి చేరుతుందా?

ప్రతి శనివారం ఒత్తి వెలిగించేటప్పుడు రేణుకమ్మకు ఇదే అనుమానం. గుళ్లో అర్చన చేయిద్దామంటే పంతులు పేరు, గోత్రం అడుగుతాడు. ఆమెకు రెండూ తెలియవు. ఇప్పుడు కూతురు దీక్షిత ఫోను తెచ్చి ముందు పెట్టింది.

“కోటగిరి, బోధన్ దిక్కు చెరుకు రైతులు పాత ముచ్చట్లు రాసుకునే సైటమ్మా ఇది. ఈ వెతికే గడిల ఏం కావాల్నో అడుగు. నోటితోని చెప్పినా రాసుకుంటది.”

రేణుకమ్మ కొంగు సర్దుకుని ఫోనుకు రెండు చేతులూ జోడించింది.

“అయ్యా, దండాలు. నేను రేణుకమ్మను. చిన్నప్పుడు కోటగిరి సంతల మా అవ్వ చెయ్యి ఇడిసి తప్పిపోయిన. తొవ్వల ఏడ్సుకుంట పోతాంటె ఒక చెరుకు బండాయన ఎక్కించుకోని మా ఊళ్లె దించిండు. గాయన ఎవలో జర చెప్పు నాయినా.”

‘ఏమీ దొరకలేదు’ అని వచ్చింది.

గోడకు ఆనుకుని బీడీలు చుడుతున్న అత్త హన్మవ్వ ముసిముసిగా నవ్వింది. “ఇగ ఫోనుకు గూడ మొక్కుతున్నది. ఒక కొబ్బరికాయ గొట్టరాదు?”

“నవ్వకు నాయనమ్మా. మా పసుపు సైట్ల కూడా గిట్లనే రాస్తరు, మంచి పసుపు కావాలె, జల్ది పంపుండ్రి అని. దొరకదు.” దీక్షిత ఇంట్లోంచే పసుపు అమ్మే సైటు నడుపుతోంది. “నువ్వు చెప్పిన మాటలన్నీ ఒక్క కాడ ఉంటెనే అది తెస్తదమ్మా. తక్కువ చెప్పు.”

“చెరుకు బండి” అంది రేణుకమ్మ.

ఈసారి పేజీలకు పేజీలు వచ్చాయి. వేలితో జరిపీ జరిపీ దీక్షిత ఆగిపోయింది.

“అందరి ముచ్చట్ల చెరుకు బండే ఉన్నది. అందరి తాన ఉండేది కాదు, ఆయన తాన్నే ఉండేది ఏమన్న చెప్పు.”

రేణుకమ్మ దేవుడి అరలోంచి ఒక గుడ్డ తెచ్చింది. ఆకుపచ్చది, వెలిసిపోయింది. అంచున అక్కడక్కడా జరీ పోగు మెరుస్తోంది.

“గొంగడి ముసుగేసుకున్నడు, మొఖం సూడలే. నేను నిద్రల జారి పడతనని తలగుడ్డ ఇప్పి నన్ను చెరుకు మోపుకు కట్టిండు. ఊరొచ్చినంక దించిండు, గిది నా నడుముకే ఉండిపాయె. గీ గుడ్డ ఆయన చేతుల పెట్టి కాళ్లు మొక్కాలె. గంతే నా కోరిక.”

‘ఆకుపచ్చ తలగుడ్డ’ అని వెతికితే ఏమీ రాలేదు.

“పేరు తెల్వనోళ్లకు దీపాలు, గుడ్డలు!” హన్మవ్వ చాట పక్కకు జరిపింది. “ఎన్నేండ్ల సంది చెప్తున్న, నూనె దండుగని. బతికున్నోళ్లకు ఇంత బువ్వ వెట్టు, సాలు.”

రేణుకమ్మ నొచ్చుకోలేదు. ఆ నోరు ఆమెకు అలవాటే. సంబంధం వెతుక్కుంటూ నడిచి వచ్చి, ‘గీ పిల్లే మా ఇంటికి రావాలె’ అని పట్టుబట్టి తెచ్చుకున్న అత్త. బొడ్లో దోపుకున్న చిన్న ఫోను తప్ప తనకంటూ ఏదీ కొనుక్కోని మనిషి.

“బండాయన ఏం మాట్లాడలేదా?” అడిగింది దీక్షిత.

“నాతోని మాట్లాడలే. ఎడ్లను మటుకు గుసగుసగ పిలుస్తుండె. ఇటు దిక్కుది విఠోబా, అటు దిక్కుది గరుడ.”

“అమ్మా! గిది గదా ముందుగాల చెప్పాల్సింది!”

“ఎడ్ల పేర్లతోని మనిషి దొరుకుతడానే?”

“గా రెండు పేర్లు ఒక్క కాడ ఇంకెవల బండికుంటయి?”

“సాలు గని, ఆ ఫోను పక్కన వెట్టుండ్రి. ఆకలైతుంది” అంది హన్మవ్వ.

దీక్షిత అప్పటికే రెండు పేర్లూ కొట్టింది. ఒకే ఒక్క ముచ్చట వచ్చింది. కోటగిరి దగ్గరి లింబయ్య అనే పెద్దాయన రాయించింది. దీక్షిత చదివింది: ‘మా బండ్ల వరసలో విఠోబా, గరుడ జత వెనకనే వచ్చేది. ఒకసారి ఆ బండి మీద, సంతలో తప్పిపోయిన చిన్నపిల్ల నిద్రపోతూ వచ్చింది.’

రేణుకమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

ముచ్చట కింద నంబరుంది. దీక్షిత కలిపి స్పీకరు పెట్టింది.

“ఆ పిల్లను నేనే బాపూ” అంది రేణుకమ్మ. “గా బండాయన ఎవలు?”

లింబయ్య గొంతు తగ్గించాడు. “బండి మా దోస్తుది బిడ్డా. గా ఏడు ఆయన మంచంల వడ్డడు. చక్కెర ఫ్యాక్టరీ ఇచ్చిన తారీకు తప్పితె చెరుకు ఎండిపోతదని వేరేటోళ్లు తోలుకొచ్చిండ్రు. ఊళ్లె మాటొస్తదని ఎవ్వలకు చెప్పొద్దని నాతోని ఒట్టు వెట్టించుకున్నరు.”

“బతికున్నరా?”

“మంచిగున్నరు. పేరు మటుకు అడగకుంట చెప్పలేను. ఇప్పుడే ఫోన్ జేసి అడుగుత. ఊ అంటె నీకు చెప్త.”

రేణుకమ్మ ఫోనును కళ్లకు అద్దుకుంది. “బతికున్నరట! నా దీపం ఉత్తగ పోలేదే దీక్షితా!”

“ఆ గుడ్డ ఇటియ్యి” అంది హన్మవ్వ మెల్లగా. “చెవులకు గాలి గొడుతున్నది.”

ఆ గుడ్డను రేణుకమ్మ ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఇంత సంతోషంలో ముసలామెను కాదనలేకపోయింది. రెండు చేతులతో అందించింది. హన్మవ్వ దాన్ని ఒళ్లో పరిచి, జరీ పోగును వేలితో నిమిరి, తలకు చుట్టుకుంది. ఒక్క చుట్టులో, అలవాటున్న చేతితో చుట్టుకుంది.

“లింబయ్య బాపు గా మనిషికి ఫోన్ చేస్తుండొచ్చు” అంది దీక్షిత.

హన్మవ్వ బొడ్లో ఫోను మోగింది.