మల్లికి తెలియని పోపు

పెళ్లయి నెల కూడా కాలేదు. నేను పెసరట్టు తిప్పుతుంటే సూరి ఫోను పట్టుకుని వంటింట్లోకి గెంతుతూ వచ్చాడు. మూడు జిల్లాల్లో ఏ ఫ్యాక్టరీలో విషవాయువు లీకైనా వెళ్లే కాంట్రాక్టు అతను పనిచేసే ప్రైవేటు ఫైర్ స్టేషన్‌కే వచ్చిందట! ఆ సంబరంలో అట్టు మాడిపోయింది. మాడిందే ఇద్దరం పంచుకుని తిన్నాం.

సాయంత్రానికి ఇంటికి సవతి కూడా వచ్చింది. అది ఆ పనికోసం స్టేషన్ వాళ్లిచ్చిన, మాట్లాడే రక్షణ సూటు. గాలి వాసన పట్టి, ప్రమాదముంటే చెబుతుంది. తొడుక్కునే మనిషికి అలవాటు పడేదాకా ఇంట్లోనే ఉంచుకోవాలట. సూరి దానికి మల్లి అని పేరు పెట్టాడు. నాకింకా ఒక్క ముద్దుపేరూ పెట్టలేదు!

మర్నాడు అతను మల్లిని తొడుక్కుని హాల్లో తిరుగుతుంటే, నేను పప్పుకి ఇంగువ పోపు పెట్టాను.

"విషవాయువు! సూరీ, బయటకు పరుగెత్తు!" అని అరిచింది మల్లి.

నా మొగుడు వీధిలోకి ఒకటే పరుగు.

"నేను నాలుగుసార్లు పిలిచినా సోఫాలోంచి లేవరు. అది ఒక్కసారి అరిస్తే చాలా?" అన్నాను గుమ్మంలో నిలబడి.

"నీ మాట వినకపోతే అన్నం చల్లారిపోద్ది కుందనా. దాని మాట వినకపోతే..." అని ఆగాడు. "ఇలా ఉత్తినే అరుస్తుంటే, నిజంగా గ్యాస్ వచ్చిన రోజు కూడా పోపే అనుకుని నిలబడిపోతానేమో. అదే భయం."

నా కోపం దిగిపోయింది. కుళ్లు మాత్రం పోలేదు. అతను సూటు విప్పి హ్యాంగరుకి తగిలించగానే దాని ముందుకెళ్లాను.

"చూడవే మల్లీ, నా వంటింటి వాసనలన్నీ నేర్చుకున్నాకే నా మొగుడితో గడప దాటుతావు. రేపు పొద్దున్నే మొదలు. ముందు ఎండుమిరపకాయలు వేయిస్తాను."